బోర్డులకూ ఓ రివ్యూ: చార్మినార్ నుంచి ఆబిడ్స్ దాకా

బిర్యానీకి రివ్యూ ఉంది. సినిమాకు ఇంటర్వెల్ పడకముందే రివ్యూ వచ్చేస్తుంది. పది రూపాయల ఫోన్ కవర్‌కి కూడా నాలుగు వందల మంది స్టార్లు ఇస్తారు. కానీ రోజూ తలెత్తితే చాలు కనిపించే దుకాణం బోర్డుకి రివ్యూ రాసినవాళ్లు మాత్రం కనిపించరు.

నేను రాద్దామనుకున్నాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. వారంలో సగం రోజులు స్క్రీన్ మీద ఒక బటన్ ఎక్కడ ఉండాలి, ఎంత ఉండాలి అనే గొడవతోనే గడిచిపోతాయి. అదే కన్నుతో ఒక ఆదివారం పొద్దున చార్మినార్ దగ్గర మొదలుపెట్టి పత్తర్‌గట్టి, మొజంజాహీ మార్కెట్ మీదుగా ఆబిడ్స్ దాకా నడిచాను. మూడు కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ నాలుగు వందల ఏళ్ల వ్యాపారమంతా దాదాపు ఈ దారి మీదే నడిచింది.

రివ్యూకి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఒకటి, బోర్డు కట్టడంలో ఏ చోట కూర్చుంది? రెండు, గోడని ఎలా పట్టుకుంది? మూడు, అక్షరం చదవడానికి వీలుగా ఉందా, ఆ దుకాణం ఎవరిదో ఏమిటో చెబుతోందా? ఇక పదండి.

చార్‌కమాన్: రెండు స్టార్లు

చార్మినార్ కట్టింది 1591లో. దాని ఉత్తరం వైపు నడిస్తే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ వస్తుంది. దాని నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమాన్లు: చార్మినార్ కమాన్, మచిలీ కమాన్, కాలీ కమాన్, షేర్-ఎ-బాతిల్ కమాన్. కుతుబ్‌షాహీల కాలంలో రాజప్రాసాదాల వైపు వెళ్లే దారులకు ఇవి ద్వారాలు. ఇప్పుడు వీటి కాళ్ల దగ్గర ముత్యాల దుకాణాలు, బంగారం దుకాణాలు, వెండి దుకాణాలు.

ఇక్కడ నాకు కనిపించింది ఒకటే సమస్య. కమాన్ అంటే ఖాళీ. మధ్యలో ఉన్న ఆ ఖాళీ వల్లే దానికి అందం. పక్కనున్న దుకాణం బోర్డు ఓ నాలుగడుగులు బయటికి పొడుచుకొచ్చినా, ఆ పక్క నుంచి చూసేవాడికి ఆర్చి వంపు తెగిపోతుంది. ఫొటో తీయబోతే అందులో పావు వంతు ఎవరిదో ఫోన్ నంబరు. బోర్డు కమాన్ మీద లేకపోయినా కమాన్‌ని మింగేయగలదని ఇక్కడే తెలుస్తుంది.

అయినా రెండు స్టార్లు ఎందుకిచ్చానంటే, పాత దుకాణాల్లో కొన్ని ఇంకా పేరుని తలుపు పైన చిన్న పట్టీ మీదే ఉంచుకున్నాయి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్, కొన్నిచోట్ల హిందీ కూడా. ఒక జానెడు పట్టీ మీద నాలుగు లిపులు సర్దుకుని కూర్చోవడం ఈ ఊరికే చెల్లింది.

పత్తర్‌గట్టి: మూడున్నర

మచిలీ కమాన్ దాటితే పత్తర్‌గట్టి. పేరులోనే రాయి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ని ముంచేసింది. ఆ తర్వాత ఊరిని కొత్తగా దిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు బస్తీలు మార్చడం, మార్కెట్లు కట్టడం దాని పని. అలా కట్టినదే ఈ గ్రానైట్ ఆర్చీల బజారు. కింద దుకాణాలు, వాటి ముందు ఎండావానా తగలకుండా నడిచే వసారా.

ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. పత్తర్‌గట్టి రాజభవనం కాదు, గుడి కాదు, సమాధి కాదు. వ్యాపారం కోసమే కట్టిన వీధి. కాబట్టి ఇక్కడ బోర్డు ఉండటం తప్పనడానికి వీల్లేదు. దుకాణం ఉంటే పేరుంటుంది. అసలు ప్రశ్న చోటు గురించే. ఆర్చి లోపల, వసారా వెనకాల, దుకాణం నెత్తిన బోర్డు పెడితే రోడ్డు మీంచి చూసేవాడికి ముందు రాయి కనిపిస్తుంది, తర్వాత పేరు కనిపిస్తుంది. అదే బోర్డుని ఆర్చి ముఖం మీద అడ్డంగా బిగిస్తే ముందు ఫ్లెక్స్ కనిపిస్తుంది. తర్వాత ఏమీ కనిపించదు.

అత్తరు అమ్మే ఒక పెద్దాయన దుకాణం ముందు ఆగాను. ఆయన బోర్డు ఆర్చి లోపలే ఉంది, చిన్నది, అంచుల్లో రంగు వెలిసిపోయింది.

"చాచా, బోర్డు ఇంత చిన్నగుంది, గిరాకీ తగ్గదా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "బోర్డు చూసి ఎవరొస్తరు బేటా? ఖుష్బూ పట్టుకొని వస్తరు" అన్నారు. కాసేపాగి ఇంకో మాట కూడా అన్నారు. "పక్కోడు పెద్దది పెడితే మాత్రం మేం గూడ పెట్టాల్సొస్తది."

మొత్తం సమస్య ఈ రెండో మాటలో ఉంది. ఏ దుకాణదారుడూ గోడని పాడుచేయాలని బోర్డు పెట్టడు. పక్కవాడి బోర్డు ఆరడుగులుంటే తనది ఎనిమిది ఉండాలి, లేకపోతే తను కనిపించడు. అప్పుడు పక్కవాడు పది చేస్తాడు. చివరికి వీధిలో అందరి బోర్డులూ పెద్దవే, ఎవరి పేరూ కంటికి ఆనదు. అందరూ ఖర్చు పెట్టారు, ఎవరికీ లాభం లేదు. మీటింగులో అందరూ ఒకేసారి గొంతు పెంచితే ఏమవుతుందో మనకు తెలియదా?

అసలు ఎంత సైజు సరిపోతుంది? బోర్డులు చేసేవాళ్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది. అక్షరం ఎత్తు ఒక అంగుళం ఉంటే పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు. ఆరు అంగుళాల అక్షరం ఉంటే అరవై అడుగుల నుంచి. అంటే రోడ్డు అవతలి నుంచి చదవడానికి జానెడు అక్షరం చాలు. మరి నాలుగడుగుల అక్షరాలు ఎవరి కోసం? ఈ రోజుల్లో కొత్త కస్టమర్ ఫోన్‌లో పిన్ పెట్టుకుని వస్తాడు. వీధి మొదట్లోంచి బోర్డు వెతుక్కునే కాలం పోయింది. బోర్డు పని ఇప్పుడు ఆఖరి ఇరవై అడుగులకే.

కనిపించని గాయం

రెండో ప్రశ్న గుర్తుందిగా, గోడని ఎలా పట్టుకుంది అని? దీనికి ఎవరూ స్టార్లు ఇవ్వరు, ఎందుకంటే ఇది కనిపించదు.

పెద్ద బోర్డుకి ఇనుప ఫ్రేమ్ కావాలి. ఫ్రేమ్ నిలబడాలంటే రాయికి డ్రిల్లు వేసి బోల్టులు దిగ్గొట్టాలి. వాన నీళ్లు ఆ కన్నంలోకి దిగుతాయి, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి లోపల్నుంచి రాయిని చీలుస్తుంది. బోర్డు మూడేళ్లకు మారుతుంది, కొత్త బోర్డు సైజు వేరు, మళ్లీ కొత్త కన్నాలు. పాతికేళ్లలో ఒక ఆర్చికి ఎన్ని కన్నాలు పడతాయో మీరే లెక్కేయండి.

సున్నంతో కట్టిన గోడలది ఇంకో కథ. సున్నం గోడ తేమని పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దాని ముందు మెరిసే ఏసీపీ షీట్లు కప్పేస్తే తేమ బయటికి పోయే దారి ఉండదు. షీటు బయటికి కొత్తగా తళతళలాడుతుంటే వెనకాల ప్లాస్టర్ పొడిపొడిగా రాలుతుంటుంది. షీటు తీసిన రోజున "అబ్బే, బిల్డింగ్ పాతబడిపోయింది, కూలగొట్టాల్సిందే" అంటారు.

మందు కష్టమైనది కాదు. తుప్పు పట్టని స్టీలు వాడటం, రాయిలో కాకుండా రాళ్ల మధ్య అతుకులో కన్నం వేయడం, పాత కన్నాలనే మళ్లీ వాడుకోవడం, బోర్డుకీ గోడకీ మధ్య గాలి ఆడేలా రెండు వేళ్ల సందు వదలడం. పాత కట్టడాల మరమ్మతు తెలిసిన ఎవరిని అడిగినా చెప్పే జాగ్రత్తలే ఇవి. బోర్డు బిగించే కుర్రాడికి ఈ నాలుగూ చెప్పేవాళ్లు లేరు, అంతే.

మొజంజాహీ మార్కెట్: నాలుగు స్టార్లు

మదీనా, నయాపూల్, అఫ్జల్‌గంజ్ దాటుకుని వస్తే గడియారం టవర్ కనిపిస్తుంది. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో కట్టిన మార్కెట్ ఇది. ఇదీ గ్రానైటే. ఒకప్పుడు ఊరికంతటికీ పండ్ల మార్కెట్ ఇదే. పండ్ల వ్యాపారం ఇక్కడి నుంచి తరలిపోయాక కూడా ఐస్‌క్రీమ్, డ్రైఫ్రూట్, అత్తర్ దుకాణాలు మిగిలాయి.

చాలా ఏళ్లు ఇది రేకుల షెడ్ల కింద, బోర్డుల వెనకాల దాక్కుని ఉండేది. 2018లో మరమ్మతులు మొదలుపెట్టి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అడ్డొచ్చిన రేకులు, వేలాడే తీగలు, ఆర్చీలను కప్పిన బోర్డులు తీసేసరికి ఇంత పెద్ద కట్టడం ఇక్కడే ఉందా అని ఊరికే ఆశ్చర్యం వేసింది. ఉన్నదాన్ని కనిపించనిస్తే చాలు అందం వస్తుందనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇది. సాయంత్రం సీతాఫలం ఐస్‌క్రీమ్ తినడానికి వచ్చే జనాన్ని చూస్తే బోర్డులు చిన్నవైనందుకు గిరాకీ పోయిందని ఎవరూ అనలేరు.

మరి ఐదు ఎందుకివ్వలేదు? ఇలాంటి చోట్ల ఒక ప్రమాదం ఉంటుంది. అన్ని దుకాణాలకీ ఒకే సైజు, ఒకే రంగు, ఒకే ఫాంట్ పెట్టేస్తే క్లీన్‌గా ఉంటుంది. కానీ ఎనభై ఏళ్ల అత్తరు దుకాణమూ, నిన్న తెరిచిన జ్యూస్ పాయింటూ ఒకేలా కనిపిస్తాయి. స్కూల్ యూనిఫాం వేసుకున్న తాతయ్యలా ఉంటుంది.

ఆబిడ్స్: ఒకటిన్నర, ఇంకా ఒక నమస్కారం

ఆబిడ్స్‌కి నమస్కారం ఎందుకంటే, ఈ ఏరియా పేరే ఒక దుకాణం పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ ఒక దుకాణం పెట్టాడు. జనం "ఆబిడ్స్ దగ్గర" అనడం మొదలుపెట్టారు. దుకాణం పోయింది, దాని బోర్డు పోయింది, పేరు మాత్రం ఊరి మ్యాప్ మీద ఉండిపోయింది. ఏ డిజిటల్ మార్కెటింగ్ కంపెనీ అయినా ఇంతకన్నా పెద్ద విజయం చూపించగలదా?

స్టార్లు తక్కువ ఎందుకంటే, ఇక్కడ పాత భవనాలు ఉన్నాయన్న సంగతే తెలియదు. కింద రెండంతస్తులు షీట్లు, ఎల్‌ఈడీ అక్షరాలు. పై అంతస్తు వైపు తలెత్తితే మాత్రం పాత కిటికీ, సిమెంటు పూల చెక్కడం, ఒక్కోచోట కట్టిన సంవత్సరం. ఆదివారం పొద్దున షట్టర్లు దించి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అప్పుడు వెళ్లండి. కింద పుస్తకాలు, పైన పాత కిటికీలు, మధ్యలో బోర్డుల గోల. మూడూ ఒకే ఫ్రేములో దొరుకుతాయి.

అక్కడి నుంచి కోఠి వైపు కొంచెం నడిస్తే సుల్తాన్ బజార్. అక్కడ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో పెట్టిన గ్రంథాలయం. నిజాం రాజ్యంలో పాలన భాష ఉర్దూగా ఉన్న కాలంలో, బ్రిటిష్ రెసిడెన్సీ కింద ఉన్న ఈ బజారులో తెలుగు పేరుతో ఒక సంస్థ నిలబడింది. వ్యాపారం బోర్డు కాకపోయినా దీన్ని రివ్యూలో వదలలేను. గోడ మీద ఏ అక్షరానికి చోటు ఉంటుందన్నది అలంకారం విషయం మాత్రమే కాదని ఆ పేరు చూస్తే తెలుస్తుంది.

రూల్స్ లేవా?

ఉన్నాయి. జీహెచ్‌ఎంసీ పరిధిలో ప్రకటనల కోసం 2020లో వచ్చిన జీవో 68 ప్రకారం నేల నుంచి 15 అడుగుల పైన ప్రకటనలు ఉండకూడదు, మిణుకుమిణుకుమనే లైట్లు ఉండకూడదు. మంచి రూలే. కానీ కింది అంతస్తు ఆర్చి చాలా భాగం ఆ 15 అడుగుల లోపలే ఉంటుంది. ఎత్తు రూల్ ఆర్చిని కాపాడలేదు.

కట్టడాల రూల్ వేరే ఉంది. హైదరాబాద్ వారసత్వ కట్టడాల జాబితాకి ఆధారంగా ఉన్న రెగ్యులేషన్ 13ని 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. షాపుల రూల్ ఇంకోటి: బోర్డు మీద తెలుగు ఉండాలి, మిగతా భాషలు దాని కింద ఉండాలి. ఒకటి ఎత్తు చూస్తుంది, ఒకటి కట్టడం చూస్తుంది, ఒకటి భాష చూస్తుంది. మూడింటినీ కలిపి ఈ ఆర్చికి ఈ బోర్డు అని చెప్పే కాగితం దుకాణదారుడి చేతికి అందాలి.

ముంబైలో ఆ పని చేశారు. సీఎస్‌ఎంటీ స్టేషన్ ముందు నుంచి వెళ్లే దాదాభాయ్ నౌరోజీ రోడ్డు కూడా పత్తర్‌గట్టి లాగే వసారాల వీధి. 1990ల చివర్లో ఆభా నారాయణ్ లాంబా అనే ఆర్కిటెక్ట్ ఆ రోడ్డు మీది భవనాలను కొలిచి, బోర్డులు ఎక్కడ పెట్టాలో చెప్పే ఒక హ్యాండ్‌బుక్ తయారు చేశారు. బోర్డు ఆర్చి లోపల ఇమడాలి, చెక్కడాన్ని కప్పకూడదు. దుకాణాల వాళ్లు, ఆఫీసుల వాళ్లు కలిసి సంఘం పెట్టుకుని దాన్ని నడిపించారు. పక్కవాడు పెద్దది పెడతాడన్న భయం పోయింది, ఎందుకంటే పక్కవాడూ అదే సంఘంలో ఉన్నాడు. 2004లో ఆ వీధికి యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాల్లో చోటు దక్కింది.

జైపూర్ పాత నగరంలో ఇంకో పద్ధతి. గులాబీ గోడ, తెల్ల పట్టీ, దాని మీద నల్ల అక్షరాలు. అయితే అక్కడ చాలా పేర్లు చేత్తో రాసినవి కాబట్టి రంగు ఒకటే అయినా చేతి వంపు వేరు.

మన అక్షరానికి ఇంకొంచెం జాగా

ఇక్కడ ఒక టెక్నికల్ పాయింట్. బోర్డు సైజు ఇంగ్లిష్‌ని చూసి నిర్ణయిస్తే తెలుగు నష్టపోతుంది. ఇంగ్లిష్ క్యాపిటల్ లెటర్స్ ఒకే పట్టీలో పడుకుంటాయి. తెలుగు అలా కాదు. "వస్త్రాలయం" రాయండి. పైన దీర్ఘం, కింద త వత్తు, ర వత్తు. ఒక అక్షరంలోనే మూడంతస్తుల మేడ. పట్టీ ఎత్తు సరిపోకపోతే వత్తులు నలిగిపోతాయి, లేదా మొత్తం పేరు చీమంత అవుతుంది. ఉర్దూ నస్తలీఖ్ కూడా అంతే, మెట్లు దిగినట్టు ఏటవాలుగా జారుతుంది, దానికీ ఎత్తు కావాలి. మన లిపికి సాఫ్ట్‌వేర్‌లో ఎంత లెక్క అవసరమో తెలియాలంటే 2018 గుర్తు చేసుకోండి. "జ్ఞా" అనే ఒక్క అక్షరం ఐఫోన్ యాప్‌లను క్రాష్ చేసింది, దాని కోసం యాపిల్ అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది.

పాత రోజుల్లో ఈ లెక్క పెయింటర్ చేతిలో ఉండేది. గోడ చూసి, జాగా చూసి, వత్తుని కొంచెం పక్కకి జరిపి, గుడిని కొంచెం పైకి ఎత్తి ఇమిడ్చేవాడు. ఫ్లెక్స్ వచ్చాక గంటలో బోర్డు చేతికొస్తోంది, చవక కూడా, కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం. కానీ ఆ చేతులు ఖాళీ అయ్యాయి. ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ అనే కళాకారుడు వీధి పెయింటర్ల రాతల్ని డిజిటల్ ఫాంట్లుగా మార్చే ప్రాజెక్టు నడిపాడు. తెలుగులో రామభద్ర, ధూర్జటి, మల్లన్న లాంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతున్నాయి. ఒకే ముఖం అందరికీ అతికించాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

కాబట్టి నా రివ్యూ సారాంశం ఇది. చోటు, సైజు, మేకు, లైటు: ఈ నాలుగూ కట్టడం చెప్పినట్టు వినాలి. అందరికీ ఒకటే రూల్. రాత, రంగు, పేరు, ఏ భాషలు ఎలా కూర్చుంటాయన్నది దుకాణదారుడికి వదిలేయాలి. తెలుగు పైన ఉండాలన్న రూల్ ఉండనే ఉంది, దాని కింద ఉర్దూ ఊపిరి పీల్చుకునేంత చోటూ ఉండాలి.

మీ ఊళ్లో మీరే రివ్యూయర్

ఇది హైదరాబాద్ కథ ఒక్కటే కాదు. మీ ఊళ్లోనూ ఒక మెయిన్ బజారు ఉంటుంది. అందులో ఒక పాత మేడ ఉంటుంది, దాని నెత్తిన కట్టిన సంవత్సరం ఉంటుంది, దాన్ని ఒక బోర్డు కప్పేసి ఉంటుంది. ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టండి. బోర్డు ఎక్కడుంది, ఏం కప్పింది, ఎలా పట్టుకుంది, ఏ భాషలో ఉంది, రోడ్డు అవతల నుంచి చదవగలిగారా అని ఐదు ముక్కలు రాసి పెట్టుకోండి. ఆ దుకాణంలోకి వెళ్లి ఏదైనా కొని, మెల్లగా అడగండి: "అన్నా, ఈ బోర్డు వెనకాల ఏముంది?"

చాలామందికి తెలిసే ఉంటుంది. వాళ్ల తాత కట్టించిందో, అద్దెకి తీసుకున్నదో, ఏదో ఒక కథ ఉంటుంది. బోర్డు మళ్లీ మార్చేటప్పుడు ఓ రెండడుగులు కిందికి దించమని అడగడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.